సాకర్ గడిలో పడని టిక్కు

ముప్పై ఒక్క ఏళ్లు నేను సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఒక భారతీయ పాఠశాల ఆఫీసులో రికార్డులు రాశాను. హాజరు పట్టీలు, మార్కుల రిజిస్టర్లు, బదిలీ సర్టిఫికెట్లు. పిల్లల పేరులో ఒక్క అక్షరం మారితే పాస్‌పోర్టు దగ్గర, ఇకామా అనే నివాస పత్రం దగ్గర, ఆ తర్వాత ఊళ్లో కాలేజీ సీటు దగ్గర ఆ ఇంటివాళ్లు ఎన్ని తిప్పలు పడతారో నాకు తెలుసు. అందుకని రాసిన ప్రతి పేజీనీ పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి సరిచూసేదాన్ని. ఉద్యోగం మానే ముందు వారం నా రిజిస్టర్లన్నీ తిరగేసి కొట్టివేతలు లెక్కపెట్టాను. పదకొండు. వాటిలో నాలుగు నావి కావు, నేను సెలవులో ఉన్నప్పుడు వేరేవాళ్లు చేసినవి.

ఇది గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. పోయిన ఆగస్టులో నేను వేసిన ఒక టిక్కు గురించి చెప్పాలంటే, ఆ టిక్కు వేసిన మనిషి తన చేతిని ఎంత నమ్ముకుందో ముందు చెప్పాలి.

ఇప్పుడు నాకు డెబ్బై రెండు. అదే ఊరి అల్ అజీజియా పేటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. అతను అమెరికన్ కుటుంబాలు ఎక్కువగా ఉండే ఒక కాంపౌండ్‌లో ఏసీల మరమ్మతు చూస్తాడు. కోడలు ఆసుపత్రిలో నర్సు. ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలు కాబట్టి మనవరాలి బడి కాగితాలు, బస్సు కాగితాలు, టీకాల కాగితాలు అన్నీ నావే. సంరక్షకుల సంతకం అన్న చోట కూడా నా సంతకమే ఉంటుంది.

మనవరాలికి అప్పటికి పన్నెండేళ్ల ఎనిమిది నెలలు. మా బిల్డింగు కింద పార్కింగులో, స్తంభాల మధ్య, సూడాన్ పిల్లలూ ఈజిప్టు పిల్లలూ మలయాళీ పిల్లలూ బంతి తన్నుతుంటే ఆరేళ్లప్పటి నుంచీ వాళ్లతోనే ఉండేది. అరబ్బీలో బంతిని కూర అంటారు. మేము ఆ ఇంట్లో చేరిన కొత్తలో కింద నుంచి "కూర, కూర" అని కేకలు వినబడితే, పాపం ఎవరి పిల్లలో అన్నం ముందు కూర్చుని అరుస్తున్నారనుకున్నాను. ఆ మాట పట్టుకుని మనవరాలు నన్ను ఇప్పటికీ ఏడిపిస్తుంది. దాని ఎడమకాలు మంచిది. బాల్కనీలో నిలబడి నేను లెక్కపెట్టేదాన్ని. పది తన్నులు తంతే ఏడు, అది ఏ స్తంభానికి గురిపెట్టిందో ఆ స్తంభానికే తగిలేవి. జులైలో రెండు కార్ల అద్దాలు పగిలాక వాచ్‌మన్ పార్కింగులో ఆట ఖలాస్ అన్నాడు. పెద్ద పిల్లలు వేరే వీధికి వెళ్లిపోయారు. ఇది బంతిని మంచం కింద పెట్టి, నెల రోజులు ఇంట్లో గోడకేసి పాదం ఆడిస్తూ కూర్చుంది.

అప్పుడే ఆ ఫారం వచ్చింది. కాంపౌండ్‌లో పిల్లల ఆటల జట్లలో ఉద్యోగుల పిల్లలను కూడా ఈ ఏటి నుంచి చేర్చుకుంటారట. కొడుకు ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"అమా, గురువారం లోపల ఇయ్యాలంట. నువ్వు రాసి పెట్టు, పొద్దున పట్టకపోతా."

"జేజీ, నేను రాస్తా," అంది మనవరాలు కుర్చీ లాక్కుని.

"నువ్వు రాస్తే కోడి కెలికినట్టుంటాది. గమ్మునుండు. చెప్పు, ఏ ఆట?"

"ఇంకేముంది జేజీ? ఫుట్‌బాలే!"

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాశాను. రక్తం గ్రూపు, ఎలర్జీలు, అత్యవసరానికి రెండు ఫోన్ నంబర్లు. కింద ఆటల పట్టిక. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, సాకర్, ఈత. సాకర్ అన్న మాట ఎక్కడో చదివాను గానీ అదేం ఆటో నాకు తెలియదు. ఒకే కాగితం మీద ఫుట్‌బాల్‌కు ఒక గడి, సాకర్‌కు ఒక గడి ఉన్నాయంటే అవి రెండు వేరువేరు ఆటలే అయ్యుండాలి అనుకున్నాను. ఆలోచన సరైనదే. పక్కన కూర్చున్న పిల్లను ఒక్క మాట అడగకపోవడమే తప్పు. అడగలేదు. ఫుట్‌బాల్ గడిలో టిక్కు పెట్టి, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ సరిచూసి, సంతకం చేశాను.

సెప్టెంబరు రెండో ఆదివారం జట్ల జాబితాలు అంటించారు. సాయంత్రపు అసర్ నమాజు కాగానే ముగ్గురం వెళ్లాం. మనవరాలు సాకర్ అని రాసివున్న కాగితం దగ్గరికి పరుగెత్తింది. ఆ కాగితం మీద గుండ్రటి బంతి బొమ్మ ఉంది. అది చూడగానే నాకు అంతా అర్థమైపోయింది, మనం ఫుట్‌బాల్ అనేదే వాళ్ల సాకర్. పదహారు పేర్లు. వేలు పెట్టి రెండుసార్లు చదివింది. దాని పేరు పక్క కాగితం మీద, కోడిగుడ్డు ఆకారపు బంతి బొమ్మ కింద ఉంది.

"నాయనా, ఇది ఫ్లాగ్ ఫుట్‌బాల్," అంది. "నడుముకు తోకలు కట్టుకొని, అవి ఎవురూ పీకకుండా ఉరికేది. చేత్తో ఇసిరేది. నన్ను దీంట్లో ఏసినారేంటికి?"

కొడుకు నావైపు చూశాడు. "అమా, ఏం రాసినావు నువ్వు?"

"రాయాల్సిందే రాసినా," అన్నాను. "వాళ్లు ఎక్కించుకునేటప్పుడు తప్పు పడుంటాది."

"అంతేలే. పనోళ్ల పిల్లలంటే వాళ్లకు లెక్క యాడుంటాది," అన్నాడు కొడుకు. కార్లో ఇంటికి వచ్చేదాకా అదే కోపం. అతని కోపం సర్దుతున్నట్టు నేనే రెండుసార్లు "పోనీలే నాయనా" అన్నాను. చేత్తో విసిరే ఆటకు ఫుట్‌బాల్ అని పేరు పెట్టుకున్న వాళ్లది తప్పు గానీ నాది కాదని దారి పొడవునా నాకు నేనే చెప్పుకున్నాను.

మంగళవారం మనవరాలు ఒక్కతే ఆటల ఆఫీసుకు వెళ్లింది. అక్కడ సాకర్ జట్టుకు కోచ్, ఆఫీసు పనికీ పెద్ద, ఒకే అమెరికన్ ఆమె. నలభై దాటిన మనిషి. అంతా అయ్యాక ఆమే నాకు చెప్పిన సంగతి ఇది. ఈ పిల్ల వెళ్లి బల్ల ముందు నిలబడి, "మా జేజి ముప్పై ఒక్క ఏళ్లు రికార్డులు రాసింది, ఆమె తప్పు రాయదు, మీరే చూసుకోండి" అని గట్టిగా వాదించిందట. ఆమె ఫైలు తీసి ఫారం చూపించిందట. పిల్ల దాన్ని చాలాసేపు చూసి, "థాంక్యూ" అని, వెయిటింగ్ లిస్టులో తన పేరు రాసుకోమని అడిగిందట. మొదటి పేరుగా రాసుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చింది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, "జేజీ, చాయ్ పెట్టమంటావా?" అంది. అది ఫారం చూసి వచ్చిందని నాకు తెలియదు. ఆఫీసులో కుదరదన్నారేమో, అందుకే డీలా పడిందనుకున్నాను.

సీజను పది వారాలు. కంపెనీ బస్సులో మనవరాలితో పాటు నేనూ వెళ్లేదాన్ని. అక్కడ అన్నిటికన్నా మంచి గడ్డి, మంచి లైట్లు, మెట్ల బెంచీలు బేస్‌బాల్ మైదానానివి. తండ్రులందరూ టోపీలు పెట్టుకుని అక్కడే కూర్చునేవారు. వాళ్లలో ఒకాయన ఒళ్లో స్కోరు పుస్తకం పెట్టుకుని ప్రతి విసురుకూ ఒక గుర్తు వేస్తుంటే చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరు ఎన్నో బంతికి ఎక్కడికి కొట్టారో, ఎవరి పొరపాటు వల్ల ఎవరు తప్పించుకున్నారో, అన్నీ గడుల్లో ఉన్నాయి. రెండు వారాల్లో ఆ గుర్తులన్నీ నేర్చుకున్నాను. సాకర్ పిల్లలకు ఇచ్చింది పార్కింగు పక్కన చిన్న నేల. అక్కడ తల్లులు మడత కుర్చీలు వేసుకుని, నారింజ ముక్కల డబ్బాలు పట్టుకుని కూర్చునేవారు. గంటసేపు ఆడితే రాసుకోవడానికి ఒక సున్నా, ఒక ఒకటి.

"సున్నాకు సున్నాతో ముగిసే ఆటకు ఎవరైనా టికెట్ కొంటారా?" అన్నాడు స్కోరు పుస్తకం ఆయన నాతో. నేను నవ్వాను. ముందు రోజే ఒక సౌదీ టాక్సీ డ్రైవర్ తన క్లబ్బు ఓడిందని అల్ అజీజియా దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ వచ్చింది ఒక్క గోలే. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

కోచ్ నన్ను జె.జె. అని పిలిచేది. మనవరాలు "జేజీ" అనడం విని, అవి నా పేరు పొడి అక్షరాలనుకుందట. నేను దిద్దలేదు. ఒక సాయంత్రం ఆమె బెంచీ మీద నా పక్కన కూర్చుంటే, నోటీసు బోర్డు నుంచి నేను ఎత్తి రాసుకున్న లెక్క చూపించాను. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు సాకర్‌లో అరవై ఒక్క మంది, బేస్‌బాల్‌లో ఇరవై నలుగురు.

"ఈ లెక్కన మీ దేశంలో ఇంకొన్నేళ్లకు అందరూ ఇదే ఆడాలి కదా?" అన్నాను.

ఆమె పెద్దగా నవ్వింది. "జె.జె., లెక్క సరిగ్గానే ఉంది. కానీ కింద వరుస రాసుకోలేదు నువ్వు. ఎనిమిదేళ్లకు అందరూ మావాళ్లే. పదమూడు వచ్చేసరికి కొందరిని బాస్కెట్‌బాల్ తీసుకుపోతుంది, కొందరిని వాలీబాల్, కొందరిని ఈత. మగపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ గుడ్డు బంతి మింగేస్తుంది. మా దగ్గర సాకర్ అంటే అమ్మ కారులో తీసుకెళ్లి అమ్మ కారులో తీసుకొచ్చే ఆట. మీ పిల్లలాగా కార్ల మధ్య ఎవరూ పిలవకుండా ఆడేది కాదు."

"వచ్చే జూన్‌లో ప్రపంచకప్ మీ దగ్గరే కదా? అప్పుడు మారదా?"

"నా చిన్నప్పుడూ ఒకసారి మా దగ్గరే జరిగింది. ఇక చూడండి, దేశమంతా ఇదే ఆట అన్నారు. అలా కాలేదు. ఏమీ కాలేదనీ అనలేను. అప్పుడు మా ఊళ్లో అమ్మాయిలకు జట్టే లేదు, నేను అబ్బాయిలతో ఆడాను. ఇప్పుడు నాలుగు జట్లున్నాయి. పెరుగుతుంది. కాకపోతే ఆట పెరిగేదాకా పిల్లలు ఆగరు, వాళ్లు ముందే పెరిగిపోతారు."

అవతలి మైదానంలో మా పిల్ల తోకలు కట్టుకుని పరుగెడుతోంది. బాగానే పరుగెడుతోంది. ఎవరికీ తోక చిక్కలేదు. ఆట ఆగినప్పుడల్లా మాత్రం తల తిప్పి ఇటు, గుండ్రటి బంతి వైపు చూసేది. ఎన్నిసార్లు చూసిందో ఆ రోజు లెక్కపెట్టాను. ఆ అంకె ఇక్కడ రాయను.

అయిదో వారం, సోమవారం, నా ఫోనుకు ఆఫీసు నుంచి మెసేజీ వచ్చింది. సాకర్ జట్టులో ఒక కుటుంబం అమెరికా తిరిగి వెళ్లిపోతోంది, ఒక చోటు ఖాళీ అయింది, వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు మీదే. జతచేసిన ఫారం నింపి గురువారం సాయంత్రం నాలుగు లోపల ఇవ్వండి. ప్రింటు తీసుకున్నాను. అర పేజీ ఫారం. పిల్ల పేరు, ఇప్పుడున్న ఆట, మారవలసిన ఆట, మార్పుకు కారణం, సంతకం. నాలుగు నిమిషాల్లో మిగతావన్నీ నింపాను. కారణం అన్న గడి దగ్గర ఆగాను.

వాళ్ల తప్పు అని రాయలేను. నా టిక్కు వాళ్ల ఫైల్లో ఉంది. నా తప్పు అని రాస్తే ఆ కాగితం ఎప్పటిలాగే కొడుకు చేతుల మీదుగా ఆఫీసుకు వెళ్లాలి. అయిదు వారాలుగా అతను పనిచేసే చోట పదిమందితో వాళ్లు మా పిల్లకు అన్యాయం చేశారని చెప్పుకుంటున్నాడు. ఖాళీగా వదిలేద్దామంటే, ఖాళీ గడి ఉన్న కాగితం నా చేతి మీదుగా ఎప్పుడూ పోలేదు. "ఆసక్తి మారినందున" అని ఒక చిత్తు కాగితం మీద రాసి చూశాను. అది అబద్ధం. పిల్ల ఆసక్తి ఒక్క రోజు కూడా మారలేదు. చించేశాను. మంగళవారం వేరే మాట వెతికాను. బుధవారం కోడలికి జ్వరం, దాన్నే వంకగా పెట్టుకున్నాను. గురువారం నాలుగు గంటలకు ఆ ఫారం నా డైరీలో మడిచి ఉంది. మూడు నలభై నుంచి నేను గోడ గడియారం ముందే కూర్చున్నాను. నాలుగు దాటాక నాకు కొంచెం ఊపిరాడింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మనవరాలికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మనసు నిలవక టాక్సీలో వెళ్లాను. ఆఫీసు గుమ్మం తొక్కేసరికి తొమ్మిది నలభై. ఆ చోటు ఎనిమిదిన్నరకు రెండో పేరు పిల్లకు ఇచ్చేశారు. కోచ్ మైదానంలో ఉంది. ఆమెను చూడకుండానే తిరిగి వచ్చేశాను.

వచ్చే ఏడాది అవకాశం ఉంటుందిలే అనుకున్నాను. ఆ ఓదార్పుతో డిసెంబరు గడిచిపోయింది. డిసెంబరులో మనవరాలికి పదమూడు నిండాయి. జనవరి చివర్లో కొత్త సీజను జాబితాలు వచ్చాయి. పదమూడు దాటిన ఆడపిల్లల సాకర్‌కు ఆరుగురే పేర్లిచ్చారు. ఆరుగురితో జట్టు కుదరదని ఆ వయసుకు సాకర్ ఎత్తేశారు. మిగతా అయిదుగురు బాస్కెట్‌బాల్‌కూ ఈతకూ సర్దుకున్నారు. ఆమె నాకు చెప్పిన కింద వరుస ఇదే. నేను రాసుకోని వరుస. మా పిల్లకు దొరికిన సీజను ఒక్కటే, ఆ ఒక్కటీ నా చేతిలోనే పోయింది.

ఆ నెల నాలుగో సోమవారం కోచ్ దగ్గరికి వెళ్లి బల్ల ముందు నిలబడి చెప్పాను. టిక్కు నాదే, మీవాళ్లు తప్పు రాశారని ఇంట్లో చెప్పింది నేనే, రెండో ఫారం ఇవ్వనిది కూడా నేనే అని.

ఆమె కుర్చీ చూపించింది. నేను కూర్చున్నాక అంది, "ఆ గడిలో 'గడి మారింది' అని రెండు మాటలు రాస్తే సరిపోయేది. ఏటా నలుగురైదుగురు రాస్తారు. బ్రిటిష్‌వాళ్లు, ఈజిప్టువాళ్లు, బ్రెజిల్‌వాళ్లు. ప్రపంచమంతా ఒక పేరు పెట్టుకుంటే మేమొక పేరు పెట్టుకున్నాం. కారణం ఎవరూ చదవరు కూడా, ఫైల్లో పడేస్తారు." తర్వాత కిటికీ వైపు చూస్తూ, "ఆదివారం పొద్దున దాకా ఆగాను నీకోసం. ఆ శనివారం ఒకరు తక్కువతోనే ఆడించాను," అంది.

మనవరాలు బయట మెట్ల మీద కూర్చుని ఉంది. గేటు దగ్గర కొడుకు కారులో ఎదురుచూస్తున్నాడు. మెట్ల నుంచి గేటు దాకా నా నడకకు పది నిమిషాలు. మొదటి అబద్ధం చెప్పి అప్పటికి నూట ముప్పై నాలుగు రోజులు.

"పాపా, ఆగస్టులో ఆ ఫారంలో తప్పు పెట్టింది నేనే. వాళ్లు కాదు."

"తెలుసు జేజీ," అంది నడుస్తూనే. "చూపించినారు నాకు."

"మరి నన్నడగలేదేంటికి?"

"అడిగితే నీకు సిగ్గయితాదని. పోనీలే జేజీ. నాయనకు నేను చెప్పలేదులే."

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. అది నన్ను క్షమించేసి చాలా రోజులైంది. కానీ అది క్షమించింది సగానికే.

"ఇంకొకటుంది," అన్నాను. "అక్టోబరులో ఒక చోటు ఖాళీ అయింది. నీ పేరే మొదటిది. నాకు మెసేజీ వచ్చింది. ఫారం నేనే ఇయ్యలేదు."

అది ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది, నేను హాస్యమాడుతున్నానేమోనన్నట్టు.

"నాకు చెప్పకపోతివే."

"చెప్పలేదు."

"అప్పటికి ఎన్ని మ్యాచులు మిగిలుండె?"

అది నన్ను అడిగిన లెక్కలకు నేను ఎప్పుడూ తడుముకోలేదు. అప్పుడూ తడుముకోలేదు.

"అయిదు," అన్నాను. "ఆ శనివారంది కలిపితే ఆరు."

"ఆరు," అంది అది. నా మోకాళ్ల కోసం ఎప్పుడూ నెమ్మదిగా నడిచే పిల్ల, తన నడక తాను నడుస్తూ గేటు వైపు వెళ్లిపోయింది. నేను వెనక వెళ్లేసరికి నాకు ముందు సీటు వదిలి, వెనక సీట్లో అవతలి కిటికీ పక్కన కూర్చుని ఉంది. కొడుకు కారు తీస్తూ, "ఏమైంది, ఇద్దరూ గమ్మునున్నారు?" అన్నాడు. చెప్పాల్సింది నేను కాబట్టి, సీటు బెల్టు పెట్టుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.